గాజుతొట్టిలో మత్స్యన్యాయము

మత్స్యన్యాయ మను మాట మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. పెద్దచేప చిన్నచేపను మ్రింగుట దీని యర్థము. దండధరుడైన రాజు లేనిచో బలవంతుడు దుర్బలుని మ్రింగునని చెప్పుటకు గౌటిల్యుడు తన యర్థశాస్త్రమున నీ మాటను వాడినాడు. మహాభారతమున శాంతిపర్వమందును రాజధర్మములు చెప్పునెడ నీ భావమే కానవచ్చును. ఎనిమిదవ శతాబ్దిలో వంగదేశము రాజు లేక యల్లకల్లోలమై యుండగా, మత్స్యన్యాయమును దొలగించుటకై ప్రజలు గోపాలుని రాజుగా జేసికొనిరని, యాతని కుమారుడగు ధర్మపాలుని ఖాలింపుర తామ్రశాసనము చెప్పుచున్నది. ఇట్లు మన పూర్వులు రాజనీతిని బోధించుటకు నీటిలోని చేపను దృష్టాంతముగా గైకొనిరి. నేటి ప్రసంగమున నేను రాజనీతిని ప్రక్కకు బెట్టి, దృష్టాంతమైన యా చేప యొద్దకే పోదలచితిని.

గడచిన నూటడెబ్బదియైదు సంవత్సరములుగా మనుష్యు డొక చిన్న రాజ్యమును గాజుతో గట్టుకొని, దానిలో నీరు నింపి, మత్స్యన్యాయము లేని ప్రజను బెంపవలెనని ప్రయత్నించుచున్నాడు. దానినే లోకము ఎక్వేరియ మనుచున్నది. నానాదేశముల చేపలను ఒక్క నీటిలో గలిపి పెంచు తొట్టికి కమ్యూనిటీ ట్యాంకు అని పేరు. నేను దానిని సహవాసపు తొట్టి యందును. దీనిని గట్టువారు సామాన్యముగా నొక సూత్రమును బట్టి నడతురు: ఒకదాని నోట బట్టునంత చిన్నదానిని దానితో నుంచరాదు, ఇంచుమించు సమానమైన పొడవు గలవానిని జేర్చినచో శాంతి యుండును. అనగా మత్స్యన్యాయమునకు గారణము పరిమాణ మొక్కటే యని వారి విశ్వాసము. అంగుళము పొడవున్న యొక చేప యీ విశ్వాసమును దలక్రిందులు చేసినది. తనకు రెండింతలు మూడింత లున్న చేపల రెక్కలను సైత మది కొఱికి ముక్కలు చేయును. అది మంచినీటి యుబ్బుచేపలలో నొకటి. ఈ చేపల చరిత్రమును, గాజుతొట్టి చరిత్రమును, ఆ రెండును గలిసిన చోట జరిగినదానిని విన్నవించుటయే నా యుద్దేశము.

ఉబ్బుచేప యను పేరు దాని చేష్టను బట్టి చెప్పునది. ఇంగ్లీషువారు దీనిని పఫర్ అందురు. వంగదేశమున టేపా యనియు, పోట్కా యనియు దీనికి బేళ్లు గలవు. శత్రువు పట్టవచ్చినపు డిది నీటిని గ్రుక్కలు గ్రుక్కలుగా మ్రింగి, కడుపు నింపుకొని, బంతివలె గుండ్రనగును. ఈ వ్యాకోచమున కడ్డు రాకుండుటకై కాబోలు, ప్రకృతి దీనికి బ్రక్కటెముకల నీయలేదు. పొట్టక్రింది రెక్కలును లేవు. కన్నులు రెండును వేర్వేరుగా దిరుగగలవు. నోటిలో మీద రెండు, క్రింద రెండు, మొత్తము నాలుగు దంతఫలకములు చిలుకముక్కువలె గూర్పబడి యుండును. నాలుగు దంతములు గలది యను నర్థమిచ్చు గ్రీకుపదములతోనే దీనికి టెట్రాఓడాన్ అను శాస్త్రీయనామ మేర్పడినది. ఈ దంతములు జీవితాంతము పెరుగుచునే యుండును. నత్తగుల్లలను, పీతల పెంకులను గొఱికి నమలుటచే నవి యరుగుచుండును. అరుగనిచో నవి పెరిగి పెరిగి నోటి కడ్డుపడును. ఆహార మెదుట నున్నను చేప పస్తుండి చచ్చును. శ్రోతలీ సంగతిని జ్ఞాపకముంచుకొన గోరెదను. నేను చెప్పబోవు కథకంతకును నీ నాలుగు పండ్లే మూలము.

ఈ కుటుంబపు చేపలలో బెక్కింటికి విషము గలదు. 1774లో ఇంగ్లీషు నావికుడు జేమ్సు కుక్కు న్యూకలెడోనియా ద్వీపమున నుండగా, నిట్టి చేప కాలేయమును గొంచెము రుచి చూచి, కాలుసేతులు తిమ్మిరెక్కి ప్రాణాపాయమును దప్పించుకొనెను. ఆ చేప ప్రేగులను దిన్న పంది చచ్చెను. 1909లో జపాను శాస్త్రజ్ఞుడు తహారా యోషిజుమి ఆ విషమునకు టెట్రోడోటాక్సిన్ అని పేరు పెట్టెను. కుక్కు తిన్నది సముద్రపు చేప. కాని మంచినీటి జాతులలో గొన్నింటను విషము గలదు గనుక, వీనిని దినరాదు. ఈ కారణముచేతనే యుబ్బుచేప వంటింటికి బోవుటకంటె జిత్రములకును, గాజుతొట్లకును బోవుటయే యెక్కువ యయ్యెను.

చిత్రము లంటిని. ఈ జాతిని మనుష్యుడు గుర్తించి చెక్కిన మిక్కిలి ప్రాచీనమైన చిత్రములు ఈజిప్టున నున్నవి. సక్కారా యను చోట అయిదవ రాజవంశకాలమున తీ యను నధికారి సమాధి గలదు. దాని కిప్పటికి నాలుగువేల సంవత్సరములు దాటినవి. ఆ గోడలమీది నైలునది చేపలలో గుండ్రని పొట్టతో ఫహాకా యను నుబ్బుచేపయు గానవచ్చును. స్వీడనుదేశస్థుడగు హాసెల్‌క్విస్టు, లిన్నేయసు శిష్యుడు, తూర్పుదేశములకు శాస్త్రయాత్ర చేసి, 1752లో స్మిర్నా పట్టణమున యౌవనముననే కాలధర్మము నొందెను. అతని వ్రాతలను గురువు 1757లో బ్రకటించెను. శిష్యుడు పోగా నతని కాగితములను గురువు ముద్రించుట చదువరులకు గన్నీరు దెప్పించు ఘట్టము. ఆ వ్రాతలలో ఫహాకా వర్ణన గలదు. మరుసటి సంవత్సరము, 1758లో, లిన్నేయసు తన ప్రకృతి వ్యవస్థాగ్రంథమున దానికి టెట్రాఓడాన్ లీనియాటస్ అను నామమును స్థిరపఱచెను. ఈ ఫహాకా 40 సెంటీమీటర్లకు మించి పెరుగును.

మన దేశపు మంచినీటి యుబ్బుచేప శాస్త్రమున కెక్కుటకు మఱియు నఱువదినాలుగేండ్లు పట్టెను. ఫ్రాన్సిస్ బుకానన్ అను స్కాట్లండు వైద్యుడు, తరువాత హామిల్టన్ అను నింటిపేరు ధరించినవాడు, ఈస్టిండియా కంపెనీ కొలువున దేశమెల్ల దిరిగి, చెట్లను, పంటలను, జీవములను వ్రాసికొనెను. గంగానదియందును దాని శాఖలయందును గల చేపలను గూర్చి యాతడు రచించిన గ్రంథము 1822లో ఎడింబరోలో వెలువడెను. అందు కుట్‌కుటియా యను పేర నొక యుబ్బుచేప వర్ణింపబడినది. జానెడునకు లోబడిన యీ చేప గంగా బ్రహ్మపుత్రల ప్రాంతపు చెరువులందును, వాగులందును గలదు. ఆడుది గ్రుడ్లు పెట్టగా మగది వానిని గావలి కాయును. పగవానివలె గనబడు నీ చేప గృహస్థధర్మమును దెలిసినదే యని దీనివలన స్పష్టము.

ఇంతకంటె జిన్నది, యింతకంటె ముఖ్యమైనది, దక్షిణమున దొరకినది. 1941లో సుందర్‌లాల్ హోరా, కృష్ణన్ నాయరు అను నిరువురు శాస్త్రజ్ఞులు తిరువాన్కూరు సంస్థానపు మంచినీటి చేపలను గూర్చి వ్రాయుచు, పంబానదిలో దొరకిన మరుగుజ్జు ఉబ్బుచేప నొకదానిని గ్రొత్తగా వర్ణించి, ఆ సంస్థానము పేరనే ట్రావన్‌కోరికస్ అని నామకరణము చేసిరి. ఇది యించుమించు 2.5 సెంటీమీటర్లు, అనగా నొక్క యంగుళము మాత్రము. ఉబ్బుచేపలన్నిటిలో మిక్కిలి చిన్నవానిలో నిది యొకటి. పసుపుపచ్చని మేనిమీద నల్లని మచ్చలతో, పెద్ద కన్నులతో, నీటిలో నిలుకడగా నిలిచి చూపరులను దానే చూచుచుండును. ఇది పుట్టిపెరుగునది పడమటి కనుమల నుండి దిగు నదులందును, వాని దిగువ నీటితావులందును మాత్రమే. 1957లో బెన్ల్ అను శాస్త్రజ్ఞు డేర్పఱచిన కారినోటెట్రాఓడాన్ అను ప్రజాతిలో దీనిని నేడు చేర్చి చెప్పుచున్నారు.

హోరా మహాశయుడు 1947లో భారత జంతుశాస్త్ర పరిశోధనశాఖకు నధ్యక్షు డైనవాడు. ఆయన కొండవాగుల చేపలను బరిశోధించుటయే గాక, మన ప్రాచీనుల మత్స్యవిజ్ఞానమును గూర్చియు వ్యాసములు వ్రాసెను. ఆ విజ్ఞానము తక్కువది కాదు. అశోకుడు తన పట్టాభిషేకమునకు బిమ్మట నిరువదియాఱేండ్లకు జెక్కించిన యయిదవ స్తంభశాసనమున, జంపరాని ప్రాణుల నొక్కొక్కదానిని బేరు పెట్టి చెప్పెను. అందు జేపల పేర్లును గలవు. గంగాపుపుటక మను నొక పేరున కర్థ మేమో పండితులలో నైకమత్యము లేదు గనుక, అది యుబ్బుచేపయే యని నేను సాధింపబూనను. నాకు ముఖ్యమైనది వేఱొకటి. చాతుర్మాస్యపు బూర్ణిమలందును, మఱికొన్ని దినములందును జేపలను జంపరాదనియు, నమ్మరాదనియు నాతడు శాసించెను. చేప లన్నియు నొక్కటి యని కాక, జాతికి జాతిగా, కాలమునకు గాలముగా విడదీసి చెప్పుట యందలి వివేకము గమనింపదగినది. తెలంగాణమునందును గొంతభాగము నేలిన కల్యాణ చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు పన్నెండవ శతాబ్దిలో మానసోల్లాసమును రచించెను. అందు మత్స్యవినోద మను ప్రకరణమున సముద్రపు చేపలను నదీమత్స్యములను, పొలుసులు గలవానిని లేనివానిని వేర్వేరుగా బేర్కొని, మేతలను విడివిడిగా జెప్పెను. వేటకాడైన రాజు సహితము చేపకు జేపకు గల భేదము నెఱిగియుండెను.

ఇక గాజుతొట్టి కథ. చీనాదేశమున సోంగు వంశకాలమునుండి బంగారుచేపలను గొలకులలో బెంచుచుండిరి; తరువాత పింగాణి పాత్రలలో నుంచిరి. కాని నీటిలోని జీవమును బ్రక్కనుండి చూచుటకును, నీరు చెడకుండ దీర్ఘకాల ముంచుటకును దగిన సాధనము పంతొమ్మిదవ శతాబ్దిలో బుట్టెను. 1832లో జాన్ విల్ప్రో పవర్ అను ఫ్రెంచి వనిత సిసిలీ ద్వీపమున, ఆర్గోనాటు అను సముద్రజీవి తన గుల్లను దానే నిర్మించుకొనునా, యితరుల గుల్లలో జొచ్చునా యను సంశయమును దీర్చుటకై గాజుతొట్లను నిర్మించి పరిశీలించెను. అది తానే నిర్మించుకొను నని తేలెను. గాజుతొట్టి పుట్టుక వేడుకకు గాదు, తెలిసికొనుటకు. ఈ మాటను మరువరాదు.

లండనులో రాబర్టు వారింగ్టన్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1849లో నొక పెద్ద గాజుపాత్రలో సగము నీరు పోసి, యడుగున నిసుకయు, మట్టియు, రాళ్లును వేసి, రెండు చిన్న బంగారుచేపలను, వాలిస్నేరియా యను నీటిమొక్కను నుంచెను. చేప విడుచు వాయువును మొక్క గ్రహించి, చేపకు గావలసిన ప్రాణవాయువు నిచ్చును గదా యని యాతని యూహ. కాని కొన్నాళ్లకు మొక్క యాకులు కుళ్లి, నీరు కలగి, చేపలకు జేటు వచ్చునట్లుండెను. అపు డాతడు కొలని నత్తలను గొన్నింటిని దెచ్చి వేసెను. నత్తలు కుళ్లిన యాకును దిని నీటిని శుభ్రపఱచెను; నత్తగ్రుడ్లు చేపలకు మేత యయ్యెను. 1850 మార్చిలో నాతడు రసాయనశాస్త్ర సంఘమున నీ సంగతిని జదివెను. చేప, మొక్క, నత్త, ఈ మూడింటి సమతూకమే గాజుతొట్టికి బ్రథమసూత్రమయ్యెను. చేపను, మొక్కను నందఱు నెఱుగుదురు. ఆ రాజ్యమును నిలిపినది మాత్రము పాకివాని పని చేసిన నత్త.

ఆ కాలమున నింగ్లండులో గాజుపై బన్ను 1845లోనే తీసివేయబడి యుండుటచే గాజు చౌక యయ్యెను. 1853లో లండను జంతుప్రదర్శనశాలలో ఫిష్ హౌస్ అను మత్స్యమందిరము తెఱవబడెను. 1854లో ఫిలిప్ హెన్రీ గాస్ రచించిన గ్రంథమునకు ఎక్వేరియ మనియే పేరు. ఆ గ్రంథముతో నా మాట యింటింటికి బ్రాకెను. మన దేశమునకు నీ వేడుక చెన్నపట్టణము గుండ వచ్చెను. 1909లో సముద్రతీరమున నొక ఎక్వేరియము స్థాపింపబడెను. దానికి బూనినవాడు మ్యూజియ మధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్. నాడు తెలుగు జిల్లాలు చెన్నరాజధానిలోనివే గనుక, గాజు వెనుక జీవించు చేపను మొదట జూచిన తెలుగువారిలో బలువురు దానిని జూచియే యుందురు.

ఇపు డీ రెండు కథలును గలియుచోటికి వచ్చితిమి. వారింగ్టన్ రాజ్యమున నుబ్బుచేపను విడిచినచో నేమగును? అది మొట్టమొదట నత్తను దినును. దాని నాలుగు పండ్లు పుట్టినదే నత్తకొఱకు. ఏ నత్త యాధారమున నా తొట్టి నిలిచెనో, యా నత్త యీ చేపకు భోజనము. సహవాసపు తొట్టికి, ఉబ్బుచేపకు గల వైరము వట్టి కోపస్వభావమునుండి వచ్చినది గాదు. ఆ తొట్టి సూత్రముననే యది యిమిడి యున్నది. నేడు కొంద ఱీ సంగతిని దలక్రిందుగా వాడుకొనుచున్నారు. మొక్కలతో వచ్చిన నత్తలు తొట్టిలో వేలుగా బెరిగినపుడు, వానిని దినుటకై యుబ్బుచేపను గొనితెచ్చి విడుతురు. కొలది దినములలో నత్తలు ముగియును. చేప మిగులును, ఆకలి మిగులును, పండ్ల పెరుగుదల మిగులును. అపు డది ప్రక్కనున్న చేపల రెక్కల వంక జూచును.

ఇది క్రౌర్యము గాదు. ఉబ్బుచేప వేగముగా నీదునది గాదు. వెన్నుమీది రెక్కను, అడుగురెక్కను, ప్రక్కరెక్కలను గదల్చుచు మెల్లగా జరుగును, వెనుకకును నడువగలదు. దాని వేట యంతయు గన్నుతో. కదలుదానిని గన్నార్పక చూచి, దగ్గఱకు బోయి, యొక్క కాటు వేసి, తినదగినదా యని పరీక్షించును. పొడుగైన తోకతో నెమ్మదిగా దిరుగు గప్పీ, పొడుగు రెక్కల బెట్టా మొదలగునవి దానికి బరీక్షావస్తువు లగును. పరిమాణమున బెద్దవగుట వాని గాపాడదు. రెక్క చిరిగిన చోట గుళ్లుపట్టి చేప చచ్చును. ఇట్లు చిన్నచేప పెద్దచేపను జంపును, మత్స్యన్యాయమునకు విపర్యాసము. మఱొకవైపు, సహవాసపు తొట్టిలో నుబ్బుచేపకును సుఖము లేదు. ఇతర చేపలు మీదవేసిన పొడిమేతను క్షణములో దినివేయును. ఈ చేప యా పొడిని దఱచు తినదు. ప్రాణముతో గదలునదియో, మాంసమైనదియో కావలెను. కనుక కొఱికినది తిట్లు తినును, కడుపు మాత్రము నిండదు.

నీటి సంగతియు నట్లే. వారింగ్టన్ చెప్పిన ముగ్గురే గాక, కంటికి గానరాని నాల్గవవారు తొట్టిలో నున్నారని తరువాత దెలిసినది. 1890 ప్రాంతమున సెర్గీ వినోగ్రాడ్‌స్కీ యను రష్యను శాస్త్రజ్ఞుడు నత్రజనిని మార్చు సూక్ష్మజీవులను వేఱుచేసి చూపెను. చేప విసర్జించు అమ్మోనియా విషము. దానిని సూక్ష్మజీవులు మొదట నైట్రైటుగను, పిమ్మట నైట్రేటుగను మార్చును. నైట్రైటును విషమే, నైట్రేటు కొంత మేలు. ఈ జీవులు క్రొత్త తొట్టిలో నెలకొనుటకు వారములు పట్టును. ఉబ్బుచేప మాంసాహారి, చించి పాఱవేయుచు దినునది; నీటిని ద్వరగా జెఱచును. పొలుసుల కవచము లేదు గనుక చెడ్డనీటికి ద్వరగా లొంగును. కావున సూక్ష్మజీవులు నిలదొక్కుకొనక ముందే దీనిని దెచ్చి వేయుట ప్రాణహాని.

ఉబ్బుచేప లన్నియు నొక్కటే యనుకొనుట మఱియొక యనర్థము. ఫహాకా పెద్దది, దానికి స్వజాతిసహవాసమే సరిపడదు, ఒంటిగా బెద్ద తొట్టిలో నుంచవలెను. కుట్‌కుటియాయు నొంటరిగా నుంచదగినదే. దక్షిణ అమెరికాలోని అమెజాను నదియందు గొలోమీసస్ అను జాతి గలదు. అది గుంపుగా దిరుగును, తక్కినవానికంటె సాధువు. కాని పండ్లు మిక్కిలి త్వరగా బెరుగును. పచ్చని మేనిపై నల్లమచ్చలు గల నైగ్రోవిరిడిస్ అను జాతిని మంచినీటి చేప యని యంగళ్లలో నమ్ముదురు. నిజమున కది నదీముఖముల యుప్పునీటికి జేరినది. ఎదిగినకొలది దానికి ఉప్పు గావలెను. మంచినీటనే యుంచినచో క్షీణించును. ఈ చేప జన్యుసర్వస్వము వెన్నెముక గల ప్రాణులలో మిక్కిలి చిన్నవానిలో నొకటి యగుటచే, శాస్త్రజ్ఞులు దానిని బూర్తిగా జదివి 2004లో బ్రకటించిరి. లోకమునకు జన్యుశాస్త్రము నేర్పిన చేపకు, కొన్నవాడు చిటికెడు ఉప్పు వేయకపోవుట చింతింపదగిన విషయము. మన తిరువాన్కూరు మరుగుజ్జు మాత్రము పుట్టినది మొదలు చచ్చువఱకు మంచినీటి చేప. దానికి ఉప్పు వేయరాదు. పేరు తెలియనిచో రెండు చేపలకును హానియే.

మఱి యీ మరుగుజ్జును బెంచదలచినవా డేమి చేయవలెను? అనుభవజ్ఞుల మతమును సంగ్రహముగా జెప్పెదను. దానికి వేఱు తొట్టి కావలెను. ఇతరజాతుల చేపలు వలదు. ఒకదాని కంట నొకటి యెల్లవేళల బడకుండ మొక్కలు దట్టముగా నాటి, రాళ్లును కొయ్యముక్కలును నమర్పవలెను. మగవానికి మగవాడు పడడు. కావున నొక్క మగదానికి రెండు మూడు పెంటు లుండుట మేలు. ఎదిగిన మగదాని పొట్టక్రింద నల్లని గీత యుండును, కంటివెనుక ముడతలు గానవచ్చును. మేతగా జిన్న నత్తలను వేఱొక పాత్రలో బెంచి యిచ్చుచుండవలెను. దోమపురుగులు మొదలగు జలపురుగులును బనికివచ్చును. నీటిలో గొంత భాగమును వారము వారము మార్చవలెను. వేడుకకై దానిని బెదరించి యుబ్బించుట కూడదు. ఉబ్బుట దానికి బ్రాణభయముతో జేయు శ్రమ. నీటి వెలుపలికి దీసినచో నది గాలిని మ్రింగును. ఆ గాలి మరల వెడలక చావవచ్చును. పిల్లలకు మొట్టమొదట నేర్పవలసిన దిదియే.

ఈ జాగ్రత్తలు ఒక్క చేప క్షేమముకొఱకే యైన నింత విస్తరింపను. విషయ మంతకంటె బెద్దది. ఈ మరుగుజ్జు ఉబ్బుచేప పడమటి కనుమల నదులం దప్ప వేఱెచ్చటను లేదు. దేశదేశముల గాజుతొట్లకై దీనిని నదులనుండి పట్టి యెగుమతి చేయుచు వచ్చిరి. అది తిరుగు తావులును మనుష్యుని పనులచే జెడుచున్నవి. ఈ రెండు కారణములచే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ప్రమాదమునకు లోనగు జాతుల పట్టికలో జేర్చినది. చూడుడు: 1941లో శాస్త్రమునకు దెలిసిన ప్రాణి, మనుష్యు డొక్కడు బ్రతుకు నంత కాలములో నపాయపు బట్టిక కెక్కినది. దూరదేశపు నగరమున నొకడు దీనిని సహవాసపు తొట్టిలో వేసి, రెక్కలు కొఱికిన దని విసిగి, లేక పస్తులతో జచ్చిన దని మఱొకటి కొనితెచ్చును. ఆ రెండవదియు నే వాగునుండియో పట్టి తెచ్చినదే. అంగడిలో నది చవుక గనుక, పోయినది చిన్న ప్రాణ మని తోచును. ఇట్టి చిన్న లెక్కలే కూడి కూడి నదిని వెలితి చేయును.

అయిన నిందులో నొక యాశ గలదు. ఈ చేప గాజుతొట్టిలో గ్రుడ్లు పెట్టును. దట్టమైన నాచు నెడమున మగది యాడుదానిని వెంట బెట్టుకొనిపోగా, నది కొలదిగా గ్రుడ్లను విడుచును. కొన్ని దినములకు నావగింజకంటె జిన్న పిల్లలు వెలువడును. వానికి సూక్ష్మజీవులను, చిన్న రొయ్యపిల్లలను మేతగా నిచ్చి పెంచినవారు పలుదేశములం దున్నారు. కాని యిది జరుగుట వేఱుగా దానికొఱకే యేర్పఱచిన తొట్టిలో. సహవాసపు తొట్టిలో గ్రుడ్లు పెట్టినను, తక్కిన చేపల నోటినుండి యవి తప్పుట యరుదు. ఒంటి తొట్టిలో నుంచుట చేపకు శిక్ష యని కొందఱు జాలిపడుదురు. ఆ శిక్షయే దాని వంశమును నిలుపునది. తొట్లలో బుట్టిన పిల్లలు తొట్లకు జాలినంత యైనచో, పంబానది చేప పంబలోనే యుండవచ్చును.

గాజుతొట్టి పుట్టినది తెలిసికొనుటకని యిదివఱకు జెప్పితిని. ఆర్గోనాటు గుల్ల సంశయము తీర్చిన ఫ్రెంచి వనితయు, నత్తల యుపకారమును గనిపెట్టిన వారింగ్టనుయు నొక్కొక్క జీవి యేమి చేయునో ముందు చూచి, దానికి దగినట్లు తొట్టిని దిద్దుకొనిరి. పిమ్మట వచ్చినవారిలో బెక్కుమంది ముందు తొట్టిని నిశ్చయించి, దానికి దగినట్లు చేపను వంపజూచిరి. మత్స్యన్యాయమును దొలగించుటకు రాజు కావలె నని పూర్వులు చెప్పిరి. తొట్టిలో రాజు తొట్టి గలవాడే. ఎవరిని గలుపవలెనో, యెవరిని విడిగా నుంచవలెనో నిర్ణయించుట వాని ధర్మము. అందఱి నొక్క నీటిలో విడిచి, తరువాత జరిగినదానికి జేపను నిందించుట రాజధర్మము గాదు. ఉబ్బుచేపను గొనదలచిన గృహస్థు అంగడివానిని మూడు ప్రశ్న లడుగవలెను. దీని జాతి యేది? ఇది మంచినీటిదా, యుప్పునీటిదా? తొట్టిలో బుట్టినదా, నదిలో బట్టినదా? ఈ మూడింటికి సమాధానము దొరకి, యింట వేఱు తొట్టియు, నత్తల పాత్రయు సిద్ధమైన పిమ్మటనే దానిని దెచ్చుకొనుట యుచితము. అంతవఱకు దానిని గూర్చి చదువుకొనుటలోనే కావలసినంత వినోదము గలదు.